ఒంటరి ఓవేకు పని చెప్పిన పొరుగు: ఒక స్వీడిష్ నవల ఇంతమందికి ఎందుకు నచ్చింది?

సంక్షిప్తంగా: స్వీడన్ రచయిత ఫ్రెడ్రిక్ బ్యాక్‌మన్ నవల ‘ఎ మ్యాన్ కాల్డ్ ఓవే’ 2012లో వచ్చింది. భార్య పోయి, ఉద్యోగం పోయి, ఇక బతకడం ఎందుకనుకున్న 59 ఏళ్ల మనిషి చుట్టుపక్కల వాళ్ల వల్ల మళ్లీ బతుకులో పడటం దీని కథ. ఇందులో ఓదార్పు మాటలు చాలా తక్కువ. అతనికి పనులు చెప్పినవాళ్లే అతణ్ని నిలబెడతారు. మనస్తత్వ శాస్త్రంలో, సమాజ శాస్త్రంలో దీనికి ఆధారాలున్నాయి. నవల దాటవేసిన విషయాలూ కొన్ని ఉన్నాయి.

ఈ పుస్తకం 2013లో ఇంగ్లిష్‌లోకి వచ్చింది. అమెరికాలో వెంటనే సంచలనమేమీ కాలేదు. చదివినవాళ్లు ఇంకొకరికి చెప్పడం, పుస్తకాల షాపుల వాళ్లు పాఠకుల చేతిలో పెట్టడం వల్ల మెల్లగా పాకింది. దాదాపు ఏడాదిన్నర తర్వాత న్యూయార్క్ టైమ్స్ బెస్ట్ సెల్లర్ జాబితాకు ఎక్కింది. 2015లో హానెస్ హోమ్ దర్శకత్వంలో స్వీడిష్ సినిమాగా వచ్చి రెండు ఆస్కార్ నామినేషన్లు తెచ్చుకుంది. 2022లో టామ్ హాంక్స్‌తో ‘ఎ మ్యాన్ కాల్డ్ ఓటో’ పేరుతో హాలీవుడ్ దాన్ని మళ్లీ తీసింది. తెలుగు ప్రేక్షకుల్లో చాలామందికి ఓవే కన్నా ముందు ఈ ఓటోనే పరిచయమై ఉంటాడు.

ముసలాయన, పక్కింటివాళ్లు, ఒక పిల్లి. కథ ఇంతే. ఇంత మామూలు కథ అన్ని దేశాల్లో ఎలా ఆకట్టుకుందో తెలియాలంటే ముందు ఓవే ఏమేం పోగొట్టుకున్నాడో చూడాలి.

రౌండ్లు కొట్టే మనిషి

ఓవే రోజూ పొద్దున్నే కాలనీ అంతా ఒక రౌండ్ వేస్తాడు. గ్యారేజీ తలుపులకు తాళాలు సరిగ్గా పడ్డాయో లేదో లాగి చూస్తాడు. విజిటర్ పార్కింగ్‌లో ఏ బండైనా 24 గంటలు దాటి ఉందేమోనని నంబర్లు రాసుకుంటాడు. చెత్త గదిలో ఎవరు ఏ డబ్బాలో ఏం వేశారో తనిఖీ చేస్తాడు. ఈ పని అతనికి ఎవరూ అప్పగించలేదు. ఒకప్పుడు కాలనీ సంఘానికి అధ్యక్షుడు, ఆ పదవి పోయి చాలా ఏళ్లయింది. మొదటి పేజీల్లో ఇదంతా చాదస్తంగానే కనిపిస్తుంది.

తర్వాత ఒక్కో అధ్యాయంలో అతని గతం బయటికొస్తుంది. చిన్నప్పుడే తల్లి పోయింది. రైల్వేలో పనిచేసే తండ్రి ఓవేకు పదహారేళ్లప్పుడు ప్రమాదంలో చనిపోయాడు. ఆ కుర్రాడు తండ్రి చేసిన చోటే పనిలో చేరాడు. తండ్రి అతనికి ఇచ్చి వెళ్లినవి నిజాయితీ, యంత్రాల మీద చెయ్యి, స్వీడన్‌లో తయారయ్యే సాబ్ కారు మీద మమకారం. రైల్లో పరిచయమైన సోన్యా అతని భార్య అయింది. గర్భవతిగా ఉన్నప్పుడు స్పెయిన్‌లో బస్సు ప్రమాదంలో ఆమె బిడ్డను పోగొట్టుకుని చక్రాల కుర్చీకి పరిమితమైంది. బాధ్యులెవరో తేల్చమని ఓవే కనిపించిన ప్రతి అధికారికీ ఉత్తరాలు రాశాడు. ఎవరూ బాధ్యత తీసుకోలేదు. సోన్యా టీచర్‌గా చేరిన బడిలో చక్రాల కుర్చీ పైకి వెళ్లే దారి లేకపోతే అదీ తన చేతులతో కట్టేశాడు. ఆమె కూర్చుని పనిచేసుకునేలా వంటింటి గట్టు ఎత్తు తగ్గించాడు. ఆమె పోయాక కూడా దాన్ని మార్చలేదు.

కథ మొదలయ్యేసరికి సోన్యా క్యాన్సర్‌తో చనిపోయి ఆరు నెలలు. దాని మీద ఉద్యోగం కూడా పోయింది. జీవితంలో మూడో భాగం పైనే పనిచేసిన చోట, ఇక విశ్రాంతి తీసుకోండని చెప్పి ఇంటికి పంపేశారు. ఓవేకు ప్రేమ అంటే ఏదైనా చేసిపెట్టడం. చేసిపెట్టడానికి మనిషి లేదు, వెళ్లడానికి పని లేదు. పొద్దున్నే వేసే ఆ రౌండ్లు అతని చేతిలో మిగిలిన ఆఖరి పని. ఈ సంగతి అర్థమయ్యాక మొదటి పేజీల చాదస్తం మరోలా కనిపిస్తుంది. నవలలో అన్నిటికన్నా మంచి పనితనం ఇక్కడుంది. మనిషి లోపం అనుకున్నదాన్నే అతని దుఃఖానికి గుర్తుగా చూపించడం.

తలుపు తట్టి అడిగేవాళ్లు

పక్కింట్లోకి పర్వానే కుటుంబం దిగుతుంది. ఇరాన్ నుంచి వచ్చిన పర్వానే, స్వీడిష్ భర్త పాట్రిక్, ఇద్దరు ఆడపిల్లలు, కడుపులో ఇంకో బిడ్డ. బండ్లు తిరగకూడదని బోర్డు పెట్టిన చోట పాట్రిక్ సామాన్ల ట్రైలర్‌ను వెనక్కి తిప్పలేక అవస్థ పడుతూ ఓవే మెయిల్‌బాక్స్‌ను గుద్దుతాడు. ఓవే తిట్టుకుంటూ వచ్చి, అతణ్ని దింపేసి, తనే స్టీరింగ్ పట్టి ట్రైలర్‌ను సరిగ్గా పెట్టేస్తాడు.

అక్కణ్నుంచి అడగడాలు మొదలవుతాయి. నిచ్చెన ఉందా? పాట్రిక్ ఆ నిచ్చెన మీంచి పడ్డాడు, ఆస్పత్రికి తీసుకెళతారా? పిల్లల్ని కాసేపు చూస్తారా? నాకు డ్రైవింగ్ నేర్పిస్తారా? అదే వీధిలో ఉండే అనితా ఇంట్లో రేడియేటర్లు వేడెక్కడం లేదు, చూస్తారా? అడ్రియన్ అనే కుర్రాడి సైకిల్ బాగుచెయ్యాలి. గే అని తెలిసి తండ్రి గెంటేసిన మిర్సాద్‌కు తలదాచుకునే చోటు కావాలి. చలికి గడ్డకట్టిపోతున్న ఒక పిల్లి ఉంది.

ఇంత జరిగినా ‘మీ మనసులో ఏముంది ఓవే’ అని ఎవరూ కూర్చోబెట్టి అడగరు. అడిగితే అతను తలుపు వేసేసేవాడే. ప్రతి ఒక్కరూ అతనికి బాగా వచ్చిన పని పట్టుకునే వస్తారు. అతను విసుక్కుంటూ, వీళ్లకు ఒక్క పనీ చేతకాదని సణుక్కుంటూ ఆ పని చేస్తాడు. ఆ సణుగుడుకు ఇక్కడ పెద్ద పాత్ర ఉంది. సాయం ఒప్పుకున్నట్టు, మనసు మెత్తబడ్డట్టు బయటపడకుండానే అతను ఇంకో మనిషికి దగ్గర కావడానికి అదే దారి. పర్వానే ఆ విసుగును మనసుకు పట్టించుకోదు, తిరిగి నాలుగు మాటలు అంటుంది, కుంకుమపువ్వు వేసిన అన్నం పంపిస్తుంది. ఇచ్చిపుచ్చుకోవడం రెండు వైపులా సాగుతుంది కాబట్టి ఎవరూ ఎవరికీ రుణపడినట్టు ఉండదు.

సాయం అడిగితే అవతలివాళ్లకు మనం భారమవుతామని అనుకుంటాం. చాలాసార్లు జరిగేది దానికి పూర్తిగా విరుద్ధం. అమెరికా స్థాపకుల్లో ఒకరైన బెంజమిన్ ఫ్రాంక్లిన్ తన ఆత్మకథలో ఒక సంగతి రాశాడు. పెన్సిల్వేనియా చట్టసభలో తనంటే పడని సభ్యుడొకరి దగ్గర అరుదైన పుస్తకం ఉందని తెలిసి, కొన్నాళ్లకు ఇమ్మని అడిగి తెప్పించుకున్నాడు. ఆ తర్వాత ఆ మనిషి స్నేహితుడయ్యాడు. ఒకరికి మేలు చేసిన మనసు, ఆ మేలుకు తగ్గట్టు వాళ్లను ఇష్టపడటం మొదలుపెడుతుందని తర్వాతి కాలం మనస్తత్వ శాస్త్రవేత్తలు వివరించారు.

వయసు మళ్లినవాళ్ల విషయంలో దీనికి ఇంకా దగ్గరైన ఆధారం ఉంది. ఎలెన్ లాంగర్, జుడిత్ రోడిన్ అనే పరిశోధకులు 1976లో అమెరికాలోని కనెక్టికట్‌లో ఒక వృద్ధుల సంరక్షణ కేంద్రంలో ప్రయోగం చేశారు. ఒక అంతస్తు వాళ్లకు తలా ఒక మొక్క ఇచ్చి, దాన్ని పెంచే బాధ్యత వాళ్లదేనని, గది ఎలా ఉండాలో, సమయం ఎలా గడపాలో వాళ్లే నిర్ణయించుకోవచ్చని చెప్పారు. ఇంకో అంతస్తు వాళ్లకూ మొక్కలిచ్చారు, కానీ నీళ్లు నర్సులు పోస్తారన్నారు. బాధ్యత తీసుకున్నవాళ్లు ఎక్కువ చురుగ్గా, సంతోషంగా ఉన్నట్టు తేలింది. ఏడాదిన్నర తర్వాత చూస్తే ఆ గుంపులో మరణాలు కూడా తక్కువే. పాల్గొన్నవాళ్లు వంద మంది కూడా లేరు కాబట్టి మరణాల లెక్కను జాగ్రత్తగానే తీసుకోవాలి. ఎవరో తన మీద ఆధారపడి ఉండటం మనిషిని నిలబెడుతుందన్న దిశ మాత్రం తర్వాతి అధ్యయనాల్లోనూ కనిపించింది. ఓవే ఇంట్లోకి వచ్చిన పిల్లి చేసిన పనీ దాదాపు అదే.

ఆగిపోయిన ప్రయత్నాలు

ఈ నవల గురించి మాట్లాడేవాళ్లు ఒక విషయాన్ని తరచుగా మెత్తగా దాటేస్తారు. ఓవే ప్రాణం తీసుకోవాలని ప్రయత్నిస్తూ ఉంటాడు. ప్రతిసారీ ఎవరో తలుపు తడతారు, ఏదో అడ్డు పడుతుంది. బ్యాక్‌మన్ ఈ ఘట్టాలను సగం హాస్యంగా రాశాడు. కొందరు పాఠకులకు ఇది ఇబ్బందిగా అనిపిస్తుంది. ఆ ఇబ్బంది సహేతుకమే. సొంతవాళ్లను అలా పోగొట్టుకున్నవాళ్లు ఆ పేజీలను నవ్వుతూ చదవలేరు.

అయినా ఈ నిర్మాణంలో ఒక వాస్తవం ఉంది. ఆత్మహత్య ఆలోచన తీవ్రత చాలామందిలో అలలా వచ్చి తగ్గుతుంది. ఆ కాసేపు ఎవరైనా ఆపగలిగితే ప్రాణం దక్కే అవకాశం ఎక్కువ. అమెరికా పరిశోధకుడు రిచర్డ్ సైడెన్ 1978లో ప్రచురించిన అధ్యయనం దీనికి బాగా తెలిసిన రుజువు. శాన్ ఫ్రాన్సిస్కోలో దశాబ్దాలుగా ఆత్మహత్య ప్రయత్నం నుంచి ఆపిన 515 మంది తర్వాత ఏమయ్యారో ఆయన ఆరా తీశాడు. పదిమందిలో తొమ్మిది మందికి పైగా బతికే ఉన్నారు, లేదా సహజ కారణాలతో చనిపోయారు.

నవల చెప్పనిది ఒకటుంది. ఓవే ఒక్కసారి కూడా మానసిక వైద్యుడి దగ్గరకు వెళ్లడు. పొరుగువాళ్లు తలుపు తట్టడం ఎంత విలువైనదైనా వైద్యానికి బదులు కాదు. మన దేశంలో 2022 నుంచి ప్రభుత్వం నడుపుతున్న టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416 నంబరులో రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడవచ్చు.

స్నేహానికి కావలసిన స్థలం

పర్వానే, ఓవేల స్నేహాన్ని అనుకోనిది అంటాం. రచయిత మాత్రం దానికి కావలసిన ఏర్పాట్లన్నీ ముందే చేసిపెట్టాడు. ఒకే వరసలో ఆనుకుని కట్టిన ఇళ్లు. అందరూ నడిచే ఒకే దారి, ఒకే పార్కింగ్, ఒకే చెత్త గది. ఇద్దరూ అక్కడ సొంత ఇళ్లలో ఉండేవాళ్లే, ఒకరు యజమాని ఒకరు పనిమనిషి కాదు. తప్పించుకుందామన్నా రోజూ ఎదురుపడక తప్పదు.

అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లో రాసిన పుస్తకంలో, వేర్వేరు వర్గాల మనుషుల మధ్య దురభిప్రాయాలు ఊరికే కలిసినంత మాత్రాన పోవని వివరించాడు. సమాన హోదా ఉండాలి, ఒకే లక్ష్యం ఉండాలి, దానికోసం కలిసి పనిచెయ్యాలి, పై వ్యవస్థల మద్దతు ఉండాలి. నవలలో మొదటి మూడూ ఉన్నాయి. ఒకే లక్ష్యం ఏమిటంటే రూనే సమస్య. రూనే ఓవేకు పాత స్నేహితుడు, తర్వాత బద్ధ విరోధి. ఓవేది సాబ్ కారు, రూనేది వోల్వో. ఏది గొప్పదన్న తగువు ఏళ్ల తరబడి సాగి, రూనే బీఎండబ్ల్యూ కొన్న రోజుతో మాటలే ఆగిపోయాయి. ఇప్పుడు రూనేకు అల్జీమర్స్. భార్య అనితా వద్దంటున్నా అధికారులు అతణ్ని సంరక్షణ కేంద్రానికి తరలించాలని చూస్తారు. అనితా ఒంటరిగా రెండేళ్లుగా పోరాడుతోందని, తను పక్కనే ఉండి గమనించలేదని ఓవేకు తెలిసినప్పుడు కథ మలుపు తిరుగుతుంది. అంతదాకా అందరూ అతణ్ని అడిగారు. ఇప్పుడు ఓవే వెళ్లి ఇతరుల్ని సాయం అడుగుతాడు. వీధంతా కలిసి అధికారిని నిలవరిస్తారు.

నాలుగోదైన వ్యవస్థ మద్దతు మాత్రం లేదు. తెల్ల చొక్కాల అధికారులు ఈ కథలో ఎప్పుడూ అడ్డంకే. సంక్షేమ వ్యవస్థకు ప్రపంచమంతా ఉదాహరణగా చూపే స్వీడన్‌లో ఈ కథ పుట్టడం గమనించాలి. అక్కడ రాజ్యం పెన్షన్ ఇస్తుంది, వైద్యం చేయిస్తుంది. తలుపు తట్టే మనిషిని పంపలేదు. ఒక్కరే ఉండే ఇళ్లు అత్యధికంగా ఉన్న దేశాల్లో అది ఒకటి.

వీధి ఆకారానికి, మనిషి బతుక్కి సంబంధం ఉంటుందనడానికి నవల బయట గట్టి సాక్ష్యం షికాగో. 1995 జులైలో అక్కడ వడగాడ్పుకు ఏడువందల మందికి పైగా చనిపోయారు. వాళ్లలో ఒంటరిగా బతుకుతున్న ముసలివాళ్లు ఎక్కువ. సమాజ శాస్త్రవేత్త ఎరిక్ క్లైనెన్‌బర్గ్ పక్కపక్కనే ఉన్న రెండు పేద పేటలను పోల్చి చూశాడు. షాపులు మూతపడి, జనం వెళ్లిపోయి వీధులు బోసిపోయిన పేటలో మరణాల రేటు చాలా ఎక్కువ. దుకాణాలతో, నడిచే మనుషులతో సందడిగా ఉన్న పేటలో చాలా తక్కువ. బయట మనుషులు తిరిగే చోట ముసలివాళ్లూ బయటికొచ్చారు, కనపడకపోతే ఎవరో ఒకరు ఆరా తీశారు.

పర్వానే మోసే బరువు

ఈ నవల మీద వచ్చే విమర్శల్లో బలమైనది పర్వానే గురించి. పరాయి దేశం నుంచి వచ్చిన మహిళ, నిండు గర్భిణి, ఇద్దరు పిల్లల తల్లి, స్థానికుడైన ముసలాయన్ని బాగుచేసే పని కూడా నెత్తిన వేసుకుంటుంది. ఆమె ఎందుకు దేశం విడిచింది, ఏం పోగొట్టుకుంది అన్నవాటికి నవలలో చోటు తక్కువ. ఓవే బాల్యానికి అధ్యాయాలు దక్కాయి, ఆమె గతానికి వాక్యాలే దక్కాయి.

దీనికి కొంతైనా జవాబిచ్చే ఘట్టం డ్రైవింగ్ పాఠం. సిగ్నల్ దగ్గర కారు ఆగిపోయి, వెనక బండివాడు హారన్ కొట్టి, పర్వానే ఏడుపు దాకా వస్తుంది. అప్పుడు ఓవే తనదైన కటువుతనంతోనే చెబుతాడు: ఇద్దరు పిల్లల్ని కన్నావు, దూరదేశం నుంచి వచ్చావు, కొత్త భాష నేర్చావు, చదువుకున్నావు, చేతకాని మనుషులున్న ఇంటిని నడుపుతున్నావు, కారు నడపడం వీటి ముందు ఎంత అని. ఇంతదాకా చేతి పనులే చేసిపెట్టిన మనిషి మొదటిసారి ధైర్యం కూడా ఇస్తాడు. ఆమె జీవితాన్ని అతను గమనిస్తూనే ఉన్నాడని అప్పుడే తెలుస్తుంది. అంతమాత్రాన విమర్శ కొట్టివేయదగ్గది కాదు. అమెరికన్ సినిమాలో పర్వానే స్థానంలో మెక్సికో మూలాలున్న మారిసోల్‌ను పెట్టారు. దేశం మారింది కానీ వలస వచ్చిన స్త్రీయే రక్షకురాలన్న అమరిక మారలేదు.

ఒక పాత నేతగాడు, ఒక గ్లాస్గో ఉద్యోగిని

ఒంటరి మనిషిని మీద పడిన బాధ్యతే మళ్లీ జనంలో కలిపే ఈ కథ కొత్తదేమీ కాదు. ఇంగ్లిష్ రచయిత్రి జార్జ్ ఎలియట్ 1861లో రాసిన ‘సైలస్ మార్నర్’లో దొంగతనం నింద పడి ఊరు విడిచిన నేతగాడు, కూడబెట్టుకున్న బంగారమే లోకంగా బతుకుతాడు. ఆ బంగారం దొంగల పాలవుతుంది. తర్వాత ఒక చలి రాత్రి తల్లి చనిపోయిన పసిపాప అతని గుడిసెలోకి నడిచొస్తుంది. పాపను పెంచడానికి పొరుగింటి డాలీ సలహాలు తీసుకోవాల్సి రావడంతో అతను ఊళ్లో కలుస్తాడు. ఇక్కడా మనిషిని మార్చింది మీద పడిన బాధ్యతే.

గెయిల్ హనీమన్ 2017లో రాసిన ‘ఎలెనార్ ఒలిఫెంట్ ఈజ్ కంప్లీట్లీ ఫైన్’ దీన్ని ఇంకో అడుగు ముందుకు తీసుకెళ్లింది. స్కాట్లాండ్ నగరం గ్లాస్గోలో ఆఫీసు, ఇల్లు తప్ప ఇంకేమీ లేని ఎలెనార్, సహోద్యోగి రేమండ్‌తో కలిసి రోడ్డు మీద కుప్పకూలిన ముసలాయనకు సాయం చేస్తుంది. స్నేహం అక్కడ మొదలవుతుంది. తర్వాత ఆమె కుంగిపోయినప్పుడు డాక్టర్ దగ్గరకు, కౌన్సెలర్ దగ్గరకు వెళుతుంది. స్నేహితుడు ఆస్పత్రి దాకా తోడొచ్చే మనిషి, నయం చేసేవాళ్లు వేరే ఉన్నారు. ఈ విషయంలో ఓవే కథ కన్నా ఇది నిజానికి దగ్గర.

ఇలాంటి పుస్తకాలకు 2017 ప్రాంతంలో బ్రిటన్ ప్రచురణ రంగం ‘అప్ లిట్’ (మనసుకు ఉత్సాహమిచ్చే సాహిత్యం) అని పేరు పెట్టింది. అంతకుముందు కొన్నేళ్లు నేర కథలు, మానసిక థ్రిల్లర్లు రాజ్యమేలాయి. యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి రావాలన్న బ్రెగ్జిట్ ఓటు తర్వాత ఇరుగుపొరుగులే రెండుగా చీలిన వాతావరణంలో పాఠకులు మంచితనం ఉన్న కథల వైపు మళ్లారని ప్రచురణకర్తలు చెప్పారు. అదే సమయంలో ఒంటరితనం ప్రభుత్వాల ఎజెండాలోకి వచ్చింది. 2018లో బ్రిటన్, 2021లో జపాన్ దీనికోసం మంత్రులను నియమించాయి. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ కమిషన్ 2025 నివేదికలో చెప్పింది.

తెలుగు ఇళ్ల దాకా వస్తే

స్వీడన్ చలిలో జరిగిన ఈ కథ ఇక్కడి పాఠకులకు పరాయిగా అనిపించకపోవడానికి కారణాలు కళ్ల ముందే ఉన్నాయి. పిల్లలు అమెరికాలోనో బెంగళూరులోనో ఉండి, అపార్ట్‌మెంట్‌లో ఇద్దరే మిగిలి, తర్వాత ఒక్కరే మిగిలిన ఇళ్లు తెలుగు ఊళ్లలో ఇప్పుడు మామూలు. అసోసియేషన్ మీటింగులో పార్కింగ్ గురించి గట్టిగా మాట్లాడే రిటైర్డ్ పెద్దాయన ప్రతి గేటెడ్ కమ్యూనిటీలోనూ ఉంటాడు. ఆయన్ని తప్పించుకు తిరిగేవాళ్లూ ఉంటారు.

ఇక్కడ సమస్య వేరే రూపంలో వస్తుంది. మన ఇళ్లలో పెద్దవాళ్ల చేతుల్లోంచి పని లాగేసుకోవడం గౌరవం పేరుతో జరుగుతుంది. ‘ఈ వయసులో మీకెందుకు నాన్నా, మేం చూసుకుంటాం కదా’ అంటాం. బ్యాంకు పని ఫోన్‌లోకి వెళ్లింది, కూరగాయలు యాప్‌లో వస్తాయి, ఫ్యాన్ చెడిపోతే ఎలక్ట్రీషియన్ వస్తాడు. ప్రేమతోనే ఇదంతా చేస్తారు. దాంతో ఆయనకు చెయ్యడానికి ఏమీ మిగలదు. ఓవేను ఇంటికి పంపిన మేనేజర్లు చెప్పిన ‘విశ్రాంతి’ కూడా ఇదే.

చట్టం వైపు చూస్తే, 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టం కింద పిల్లల నుంచి మనోవర్తి కోరుతూ ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. వృద్ధుల కోసం దేశమంతటా పనిచేస్తున్న ఎల్డర్‌లైన్ 14567 మొదట 2017లో హైదరాబాద్‌లోనే మొదలైంది. పెన్షన్, న్యాయ సలహా, వేధింపుల నుంచి రక్షణతో పాటు మాట్లాడే తోడు కోసం కూడా ఆ నంబరుకు ఫోన్ చెయ్యవచ్చు. ఈ ఏర్పాట్లన్నీ పెద్దవాళ్లను సాయం అందుకునేవాళ్లుగానే చూస్తాయి. వాళ్ల దగ్గర సాయం అడిగే ఏర్పాటు కాలనీ స్థాయిలోనే జరగాలి. పిల్లలకు లెక్కలు చెప్పే రిటైర్డ్ మాస్టారు, ప్లంబింగ్ లెక్కలు సరిచూసే పాత ఇంజినీరు, ఆవకాయ పాళ్లు చెప్పే పక్కింటి అమ్మమ్మ చాలా కాలనీల్లో ఇప్పటికే ఉన్నారు. వాళ్లను అడగడానికి అసోసియేషన్లకు నిధులు అక్కర్లేదు, చట్ట సవరణా అక్కర్లేదు.